మళ్లీ గ్రౌండ్‌లో అడుగుపెట్టించిన అందరికీ కృతజ్ఞతలు

నిన్న పొద్దున హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో 800 మీటర్లు ఆగకుండా పరుగెత్తాను. 5 నిమిషాల 41 సెకన్లు పట్టింది. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మహిళలకు పెట్టిన టైము 5 నిమిషాల 20 సెకన్లు. ఇంకా 21 సెకన్లు తగ్గాలి. అయినా ఇంటికొచ్చి అమ్మను పట్టుకుని ఏడ్చేశాను. జనవరిలో మేడ మెట్లు ఎక్కలేక సగంలో కూర్చుండిపోయింది కూడా నేనే మరి.

నాకు ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. ఆరు నెలల మందుల కోర్సు జులైలో పూర్తయింది.

ముందుగా మా వాడకట్టు ఆశ కార్యకర్త అక్కకు. అప్పుడు నా బరువు 44 కిలోలు, రోజుకు మూడు గోలీలు. అవి నేను మింగేదాకా గుమ్మం దగ్గర నిలబడేది. పోషకాహారానికి ప్రభుత్వం నెలకు ఇచ్చే 1000 రూపాయలు నా ఖాతాలో పడేలా కాగితాలన్నీ తనే తిప్పింది. ఐదో వారంలో జ్వరం పోయింది, ఆకలి వేస్తోంది, ఇక నయమైందనుకుని ఎవరికీ చెప్పకుండా పరుగుకు వెళ్లాను. ఒక్క రౌండు కూడా కాలేదు. దగ్గు, ఆయాసం, ఆపైన రెండు రోజులు మంచంలోనే. అక్క ఒక్క మాట అనలేదు, చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

జ్వరం తగ్గినంత తొందరగా ఊపిరితిత్తి మానదని ఆ మేడమ్ ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారు. మడమల నొప్పి పరుగు వల్లేనని నేననుకున్నాను. ఆమె రక్తపరీక్ష చేయించి, పైరజినమైడ్ అనే టీబీ మందు వల్ల యూరిక్ యాసిడ్ పెరిగి ఆ నొప్పి వచ్చిందని తేల్చారు. ఆ మందు మొదటి రెండు నెలలే ఉంటుంది, నొప్పికి భయపడి గోలీలు మానొద్దన్నారు. ఆ రోజు ఆ మాట వినకపోయుంటే నేను మానేసేదాన్నే.

ఫిజియోథెరపీ సార్, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పది నిమిషాలు, అదీ చదును గల్లీలో, రోజుకు రెండుసార్లు నడవమన్నారు. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పగలగాలి, మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించాలి. ముందు దూరం పెంచాలి, వేగం తర్వాత, రెండూ ఒకే వారంలో వద్దు. పొద్దున లేవగానే నాడి చూసుకుని, రోజూ ఉండేదానికంటే బాగా ఎక్కువుంటే ఆ రోజు విశ్రాంతి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కఫంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆపేసి ఆస్పత్రికి. ఈ లెక్కలన్నీ నా నోట్‌బుక్ వెనక పేజీలో మీ చేతిరాతతోనే ఉన్నాయి. రెండో నెలాఖరులో కఫం పరీక్ష నెగటివ్ వచ్చాక కూడా తొందరపెట్టలేదు. ఏప్రిల్‌లో ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, అంతే.

గ్రౌండ్‌లో మా కోచ్ అన్నా, పరుగెత్తలేని ఆ రోజుల్లో నా చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి అందరి టైములు రాయించావు. ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే నేను ఈ పరీక్షే వదిలేసేదాన్ని.

టీబీ అని తెలిశాక కొందరు దూరం జరిగారు. మీరు నలుగురూ జరగలేదు. నిన్న రెండో రౌండులో మీ వేగం తగ్గించుకుని నా పక్కనే వచ్చారు చూడండి, అక్కడే సగం బలం వచ్చింది.

ఆశ అక్కా, కోడిగుడ్లు పెట్టి పంపిన నీ స్టీలు డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆదివారం అమ్మ చేసిన సకినాలు నింపి తెస్తున్నా, ఇంట్లోనే ఉండు.