కుళాయి నీటి పరీక్ష బస్తీ మహిళలకే అప్పగించండి

సంపాదకుడి గారికి,

2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసింది. రెండు చోట్లా పదిమందికి పైగా పేదలు వాంతులు, విరేచనాలతో ప్రాణాలు కోల్పోయారు. రెండూ వానాకాలంలో కాదు, ఎండల్లో జరిగాయి. కాసేపు నీళ్లు వదిలి ఆపేస్తే గొట్టం ఖాళీ అవుతుంది. దానికి ఎక్కడైనా పగులుంటే పక్కనున్న కాల్వ మురుగు లోపలికి చేరుతుంది. చుక్క నీరు రాక జనం కుళాయికి మోటార్లు బిగిస్తే ఆ మురుగు ఇంకా త్వరగా వస్తుంది.

నీళ్ల రంగు మారిందని, వాసన వస్తోందని ముందు తెలిసేది బిందె పట్టే ఆడవాళ్లకు. ఏ ఇంట్లో పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయో వాళ్లకే తెలుసు. ఆస్పత్రి లెక్కల్లోకి ఎక్కేసరికి జబ్బు వీధంతా పాకిపోయి ఉంటుంది. అయినా పొదుపు సంఘాల వాళ్లను జబ్బు ముదిరాకే ఇంటింటి సర్వేకు పిలుస్తారు. ఇదే నా బాధ.

జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద యాభై నుంచి వంద ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. దానికి ఏడాదికి రూ.5,000 నిధి కూడా ఇవ్వాలి. ఆ డబ్బును సమావేశాల టీ ఖర్చులకు కాక క్లోరిన్ పరీక్ష కిట్లకు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లకు వాడనివ్వండి. పరీక్ష ఏమంత కష్టం కాదు. కుళాయి నీటిలో ఆర్థోటాలిడిన్ అనే రసాయనం చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అంతకన్నా తగ్గితే మురుగు కలిసిందేమోనని అనుమానించాలి. పదో తరగతి చదివిన అమ్మాయి ఒక్క పూటలో నేర్చుకోగలదు.

2020లో ముంబయి ధారావిలో కరోనాను అదుపు చేసినప్పుడు కార్పొరేషన్ సిబ్బంది వెంట ఆ బస్తీలోనే క్లినిక్కులు నడిపే డాక్టర్లు, స్థానిక సంస్థలు ఇల్లిల్లూ తిరిగారు. జనం తలుపు తీసింది తెలిసిన మొహాలను చూసి. ఆ నమ్మకం మన సంఘాలకు ముందే ఉంది, లేనిది అధికారం.

సమితి ఫిర్యాదు చేసిన రోజే ఆ లైను వాల్వు కట్టేసి ట్యాంకరు పంపాలని మున్సిపల్ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. నీటి నమూనా ఫలితాన్ని బస్తీలో అందరికీ కనిపించేలా అంటించాలి. పరీక్ష చేసే మహిళలకు గౌరవ వేతనం ఇవ్వాలి. వాళ్లంతా ఆ పూట కూలి మానుకుని వచ్చేవాళ్లే.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
గుంటూరు