మానేసినవి ఎలుకలు, సంబరం కిళ్లీకొట్టులో

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ‘మెదడు పెప్టైడ్‌తో సిగరెట్‌కు చెల్లుచీటీ’ అని శీర్షిక పెట్టారు. దాన్ని ఎవరో కత్తిరించి మా వీధి చివరి కిళ్లీకొట్టులో, అగ్గిపెట్టె వేలాడే తాడు పక్కనే అతికించారు. ‘మందు వచ్చేస్తోందిగా మాస్టారూ, ఈలోగా ఎందుకు మానడం?’ అంటున్నాడు మా పక్కింటి అబ్బాయి.

వార్త చివరిదాకా చదివితే తెలుస్తుంది, నికోటిన్ తగ్గించినవి ఎలుకలని! మీ వార్తలోని మెదడు పెప్టైడ్‌లలో (నాడీకణాలు సంకేతాలకు వాడే చిన్న ప్రోటీన్ ముక్కల్లో) ఒకటైన హైపోక్రెటిన్‌ను కనుగొన్నది 1998లో. అది అతుక్కుని పనిచేసే గ్రాహకాన్ని, అంటే నాడీకణం మీద ఆ సంకేతాన్ని అందుకునే భాగాన్ని, మూసేస్తే ఎలుకలు నికోటిన్ కోసం వెంపర్లాడటం తగ్గిందని అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ పరిశోధకులు 2008లోనే ప్రకటించారు. జీఎల్‌పీ-1 అనే మరో పెప్టైడ్ నికోటిన్ మీద వెగటు పుట్టించే నాడీమార్గాన్ని మేల్కొలుపుతుందని 2017లో తేలింది, అదీ ఎలుకల్లోనే. అంటే మొదటిదాన్ని అడ్డుకోవాలి, రెండోదాన్ని పెంచాలి. మీ విలేకరి ఈ రెండింటినీ కలిపి ఒకే ముద్ద చేసి వడ్డించారు. పరిశోధనలు గొప్పవే, కాదనను. కానీ ఈ దారిలో పొగ మాన్పించే మందుగా అనుమతి పొందినది ఇప్పటికీ లేదు.

ఉన్న మందుల మాటేమిటి? నికోటిన్ గమ్, పొగ మాన్పించే వరెనిక్లిన్ మాత్ర ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో ‘పొగాకు విరమణ కేంద్రం’ అన్న బోర్డు కూడా ఉంది, కింద తలుపుకు తాళం ఉంది. కౌన్సెలర్ డిప్యుటేషన్ మీద వెళ్లారట. ఎప్పుడొస్తారో చెప్పే నాథుడు లేడు. ఆ వరండాలోనే ఒకాయన నిక్షేపంగా బీడీ కాలుస్తున్నాడు. బహిరంగ ప్రదేశంలో పొగ తాగితే రూ.200 వరకు జరిమానా అని చట్టం. హెల్మెట్ లేనివాడిని చెట్టు చాటు నుంచి పసిగట్టే పోలీసులకు ఈ పొగ ఎందుకో కనబడదు. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదన్నారు. మా హైస్కూలు గేటు దగ్గర కొలిచిన అధికారి ఒక్కరైనా ఉన్నారా? పిల్లలు విడి సిగరెట్లు కొనేది అక్కడే. కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే రసీదు మాత్రం చక్కగా ఇచ్చారు.

మానాలనుకునేవారి కోసం 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది, సిగరెట్ పెట్టెల మీదే అచ్చు వేస్తున్నారు. అంత పెద్ద వార్తలో దానికి మీకు ఒక్క వరుస చోటు దొరకలేదు. అదే పేజీలో పాన్‌మసాలా ప్రకటనకు పావు పేజీ దొరికింది.

— విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి