మల్టీప్లేయర్ ఎందుకు ఆగిపోయిందంటే

మూడు వారాలుగా మన రేసింగ్ ఆటలో మల్టీప్లేయర్ లేదు. "త్వరలో వస్తుంది" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఆ మాట సరిపోదు.

ఆటగాళ్లను కలిపే పనంతా ఇన్నాళ్లూ ఒక బయటి కంపెనీ సర్వీసు మీద నడిచింది. నెలనెలా కట్టాం, ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. ఒకరోజు మెయిల్ వచ్చింది: సర్వీసు మూసేస్తున్నాం, 30 రోజుల గడువు. మొత్తం నాలుగు లైన్లు. నా పేరు కూడా లేదు, "ప్రియమైన కస్టమర్" అట! ఆరు నెలలైనా ఇవ్వండని అడిగితే జవాబు లేదు. ఫోన్ చేస్తే హోల్డ్‌లో పెట్టి పాట వినిపించారు. ఆ ట్యూన్ ఇంకా చెవిలో తిరుగుతోంది. ఆ సర్వీసు సోర్స్ కోడ్ మా చేతిలో లేదు, దాన్ని నడిపే సర్వర్లూ వాళ్లవే. మేం చేయగలిగింది ఏమీ లేదు.

ఇంకో కంపెనీకి మారితే వారంలో పని అయ్యేది. అందరూ అదే చెప్పారు. నేను వినలేదు. మొండితనమే అనుకోండి.

ఆ పని మేమే సొంతంగా చేసుకుందామని ఈనెట్ తీసుకున్నాం. ఆటల డేటాను నెట్ మీద పంపడానికి సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (అందరికీ తెరిచి ఉంచిన రెడీమేడ్ కోడ్), క్యూబ్ అనే షూటింగ్ ఆట కోసం పుట్టింది. ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కాబట్టి రేపు దాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా కోడ్ మా దగ్గరే ఉంటుంది. విండోస్, లినక్స్, మాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటికీ అదే కోడ్. యూడీపీ మీద నడుస్తుంది, అంటే ప్యాకెట్లు (డేటా ముక్కలు) చేరాయో లేదో ఆగి చూడకుండా పంపేసే పద్ధతి. అయినా ఈనెట్‌లో ఏ ప్యాకెట్ తప్పక చేరాలో, ఏది పోయినా ఫర్వాలేదో మేమే చెప్పొచ్చు. మీ కారు ఎక్కడుందో చెప్పే ప్యాకెట్ పోతే వెనకే ఇంకోటి వస్తుంది. రేసు ఎవరు గెలిచారన్నది మాత్రం పోకూడదు కదా. అయితే లాబీ (రేసుకు ముందు ఆటగాళ్లు కలిసే చోటు), లాగిన్, ఎన్‌క్రిప్షన్ (డేటా బయటివాళ్లు చదవకుండా దాచడం) ఈనెట్‌లో ఉండవు. మూడు వారాలూ వాటికే పోయాయి.

ఐఫోన్ విషయంలో తప్పు నాదే. అసలు ఈనెట్‌కు ఐపీవీ4 అనే పాత ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి ఒక్కటే తెలుసు. కొత్త పద్ధతి ఐపీవీ6 మాత్రమే ఉన్న నెట్‌వర్క్‌లోనూ యాప్ పనిచేయాలని ఆపిల్ 2016 జూన్ నుంచే షరతు పెట్టింది. ముందే చూసుకోవాల్సింది. ఇప్పుడు ఐపీవీ6 చేర్చిన రూపాంతరం వాడుతున్నాం.

నిద్ర పట్టనివ్వనిది బ్రౌజర్ వెర్షన్. వెబ్ పేజీ నేరుగా యూడీపీ పంపడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య తెరిచి ఉండే కనెక్షన్) వాడితే కింద ఉండేది టీసీపీ, అన్నిటినీ వరుస తప్పకుండా చేర్చే పద్ధతి: ఒక ప్యాకెట్ తప్పిపోతే వెనకవన్నీ ఆగి చూస్తాయి, మలుపు మధ్యలో కారు గడ్డకట్టేస్తుంది. బ్రౌజర్ నుంచి యూడీపీ మీద డేటా పంపనిచ్చే వెబ్‌ఆర్‌టీసీ ఉంది, కానీ మేం ముగ్గురం ఇప్పుడు మోయగలిగిన పని కాదు. "బ్రౌజర్ మల్టీప్లేయర్ ఆపేస్తున్నాం" అని రెండుసార్లు రాశాను, రెండుసార్లూ చెరిపేశాను. మా మొదటి ఆటగాళ్లు వచ్చిందే బ్రౌజర్ నుంచి. చివరికి వాళ్లకు వెబ్‌సాకెట్ మీద విడి గదులు పెట్టాం, వాళ్లలో వాళ్లే పోటీ పడతారు. ఫోన్‌లో ఆడే స్నేహితుడితో ఆడలేరు. ఇది తెలిసే చేశాను, తిట్లు నాకే పంపండి.

కొన్న కార్లు, పాయింట్లు భద్రం. అవెప్పుడూ మా సర్వర్‌లోనే ఉన్నాయి. శనివారం అప్‌డేట్ వస్తుంది, పాత వెర్షన్ కనెక్ట్ కాదు. ఆ రాత్రి లాగ్‌ల (సర్వర్ రాసుకునే రికార్డుల) ముందు నేనే కూర్చుంటాను. కనెక్ట్ కాకపోతే ఆటలోని రిపోర్ట్ బటన్ నొక్కి, ఏ ఫోనో, వైఫైనో మొబైల్ డేటానో రాయండి.