రెండో సొప్రానో అమ్మాయికి

చిట్టితల్లీ,

ప్రభువు నామంలో ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఈస్టర్ తరవాత నీ దగ్గరనుంచి ఉత్తరం ముక్క లేదు. ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తున్నావు. చదువు ఒత్తిడి అనుకున్నాం. ఆదివారం పెద్దత్త వచ్చి, క్వయర్‌లో పై స్థాయిలో పాడే ఆడగొంతుల మొదటి వరసనుంచి నిన్ను రెండో వరసకి, రెండో సొప్రానోకి మార్చారట, నువ్వు అలిగి క్వయర్ మానేశావట అని చెప్పింది. ఆమె మాటలు నేను పట్టించుకోను.

అక్కడ చలి తగ్గిందా? తగ్గినా మెడకు మఫ్లర్ లేకుండా బయటికి వెళ్లకు. జర్మనీలో ఉన్నా, నువ్వుంటున్న హాలే మనకు పరాయి ఊరు కాదు. మిషనరీ షుల్జ్ దొరగారు 1746లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది అక్కడే. సంగీతకర్త హాండెల్ 1685లో పుట్టిందీ అక్కడే. ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన మార్కెట్ చర్చి ముందునుంచే కదా నువ్వు రోజూ నడిచేది!

మీరు సాధన చేస్తున్న హాండెల్ 'డిక్సిట్ డోమినుస్' రాత్రి మళ్లీ విన్నాను, దాని మాటలున్న బైబిలు 110వ కీర్తన ముందు పెట్టుకుని. హాండెల్ తండ్రి శస్త్రవైద్యుడు, కొడుకు న్యాయశాస్త్రం చదవాలని ఆయన పట్టు. పిల్లవాడికి పన్నెండేళ్లు నిండకముందే ఆ తండ్రి పోయాడు. అబ్బాయి విశ్వవిద్యాలయంలో చేరాడు గానీ మనసంతా సంగీతం మీదే. తల్లిని హాలేలో వదిలి ముందు హాంబర్గ్, ఆ తరవాత ఇటలీ వెళ్లాడు. 1707లో రోములో ఈ కీర్తన కట్టేనాటికి ఇరవై రెండేళ్లు. పోపుగారి ఊళ్లో లూథరన్ కుర్రవాడు! అప్పట్లో అక్కడ ఆపెరాకు, అంటే పాటల నాటకానికి, నిషేధం. ఆ నాటకమంతా ఈ కీర్తనలోకి వచ్చిందని నా నమ్మకం. "నలుగగొట్టును" అన్నచోట ఒక్కొక్క అక్షరాన్నీ విడగొట్టి సుత్తితో మోదినట్టు పాడిస్తాడు. వెంటనే "మార్గమున ఏటి నీళ్లు పానముచేసి" దగ్గర అంతా నెమ్మదిస్తుంది. సొప్రానోలు రెండే గొంతులు. ఒకటి స్వరం పట్టి నిలిస్తే, రెండోది దాని పక్క స్వరంలోకి వచ్చి ఒరుసుకుంటుంది. ఒకటి మెట్టు దిగుతుంది, మళ్లీ ఇంకోటి ఒరుసుకుంటుంది. కింద మగవాళ్లంతా ఒకే గొంతుతో "తల యెత్తును" అంటారు. ఆ రెండో గొంతు తీసేసి విను, మొదటిదానిలో ఆ బాధే ఉండదు. రెండో సొప్రానో అంటే తక్కువ అని నీకు ఎవరు చెప్పారు? మన క్వయర్‌లో అమ్మ పెళ్లయిన దగ్గరనుంచీ సొప్రానో కింద ఉండే ఆల్టోలోనే పాడుతోంది, ఒక్కనాడు మొహం ముడుచుకోలేదు. పక్కవాళ్ల గొంతు వింటూ పాడటం అందరికీ చేతనయ్యే పని కాదు. అది చేతనైనవాళ్లనే అక్కడ నిలబెడతారు.

ఇది మందలింపు కాదమ్మా. గొంతు బాగా లేక మానేస్తే అదైనా చెప్పు, డాక్టరుకు చూపించుకో. చల్లనివి తాగకు. రాత్రిళ్లు అన్నం మానేసి బ్రెడ్డుతో సరిపెట్టకు. చిన్నాన్న వచ్చే నెల ఫ్రాంక్‌ఫర్ట్ వస్తున్నాడు, శొంఠిపొడి, మిరియాలు అతని చేత పంపుతాను. అతనికి నీ అడ్రసు మళ్లీ ఇవ్వు.

మీ సాధన గురువారాలే కదా? ఈ గురువారం వెళ్లావో లేదో అది మాత్రం రాయి.

నాన్న