ఫ్లయింగ్ స్కూళ్ల లెక్కలు బయటపెట్టించండి: పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పైలట్ కావాలనుకునే పిల్లలకు నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ చెప్పడం నా వృత్తి. క్లాసు అయ్యాక తల్లిదండ్రులు అడిగే ప్రశ్న మాత్రం ఏ సిలబస్‌లోనూ ఉండదు. "సార్, ఇక్కడే ఫ్లయింగ్ చేయిస్తే ఎయిర్‌లైన్ ఉద్యోగం వస్తుందా? అమెరికాకో సౌతాఫ్రికాకో పంపితే తొందరగా వస్తుందా?" దీనికి జవాబు చెప్పగలిగే లెక్కలు మీ శాఖ చేతిలో ఉండాల్సినవి. మా చేతికి మాత్రం అందవు. అందుకే ఈ లేఖ.

ఫారిన్ లైసెన్సు ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా ఉద్యోగమేనని ఏజెంట్లు ఊదరగొడుతుంటారు. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం అంతర్జాతీయంగా తిరిగే విమానం ఏ దేశంలో రిజిస్టరైందో ఆ దేశం ఇచ్చిన లైసెన్సో, ఆ దేశం ఆమోదించిన లైసెన్సో పైలట్ దగ్గర ఉండాలి. అమెరికాలో నేర్చుకున్నంత మాత్రాన అక్కడి ఎయిర్‌లైన్‌లో సీటు దొరకదు. 2009లో అక్కడి బఫెలో నగరం దగ్గర జరిగిన విమాన ప్రమాదం తర్వాత వాళ్లు నిబంధనలు బిగించారు. 2013 నుంచి కో-పైలట్‌కు కూడా మామూలుగా 1500 గంటల ఫ్లయింగ్ కావాలి, పైగా అక్కడ పనిచేసే అనుమతి ఉండాలి. అంటే మన పిల్లల్లో ఎక్కువమంది తిరిగి ఇక్కడికే వస్తారు. వచ్చాక ఇక్కడి పరీక్షలు, విమానం నడిపి చూపించే చెక్‌లు, మెడికల్, విదేశీ లైసెన్సు నిజమైనదేనని అక్కడి అధికారుల నుంచి ధ్రువీకరణ. ఏజెంట్ చూపించే రంగుల బ్రోషర్‌లో ఇదంతా ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటే గొప్ప.

శిక్షణ తీసుకున్న చోటు కెరీర్‌ను దెబ్బతీయదని కూడా అనలేం. 2020 జూన్‌లో పాకిస్తాన్ విమానయాన మంత్రే తమ దేశంలో 262 మంది పైలట్ల లైసెన్సులు అనుమానాస్పదమని ప్రకటించారు. వారం తిరిగేసరికి యూరప్ తమ దేశాలకు పాకిస్తాన్ ప్రభుత్వ ఎయిర్‌లైన్ పీఐఏ సర్వీసులను ఆపేసింది. అదే లైసెన్సుతో వేరే దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న నిజాయితీపరులు కూడా తమ కాగితాలు అసలువేనని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. మనమేమీ అతీతులం కాదు. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు సంపాదించినవాళ్లు ఇక్కడా పట్టుబడ్డారు.

ఇక ఎయిర్‌లైన్ సెలెక్షన్ సంగతి. సిమ్యులేటర్‌లో ఆటోపైలట్ తీసేసి, తెర మీద దారి చూపే ఫ్లైట్ డైరెక్టర్ కూడా ఆపేసి, ఐఎల్ఎస్ అప్రోచ్ (రేడియో సంకేతాల ఆధారంగా రన్‌వే వైపు దిగడం) చేయమంటారు. స్పీడు పది నాట్లు పడిపోతుంది. సరిచేద్దామని పవర్ పెంచితే ముక్కు లేస్తుంది, అటు చూసేలోపు రన్‌వేకు సూటిగా ఉన్నామో లేదో చూపే లోకలైజర్ సూది పక్కకు జరిగిపోతుంది. ఆ క్షణంలో ఏ దేశంలో నేర్చుకున్నావన్నది ఎవరికీ అక్కర్లేదు. సూది కదలడం మొదలవగానే పట్టుకుంటాడా, పూర్తిగా పక్కకు పోయాక చూస్తాడా అన్నదే లెక్క. ఆ అలవాటు మంచి ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఎక్కడైనా వస్తుంది. రోజంతా ఒకే ట్రైనర్ విమానం తిరిగే ఖాళీ ఎయిర్‌ఫీల్డ్‌లో నేర్చుకున్న పిల్లాడు, జెట్‌ల మధ్య రేడియోలో మాట్లాడాల్సి వస్తే తడబడతాడు, నిజమే. ఏడాదంతా నిర్మలమైన ఆకాశంలో ఎగిరి వచ్చినవాడికీ తొలి క్యుములోనింబస్, అంటే ఉరుముల మేఘం, అంతే కొత్త.

అసలు దెబ్బ ఇంటర్వ్యూ గదిలో తగులుతుంది: "రెండు వందల గంటలకు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?" విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్సు (సీపీఎల్)కు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా. 300 నాటికల్ మైళ్లకు తగ్గని క్రాస్‌కంట్రీ (ఒక ఎయిర్‌ఫీల్డ్ నుంచి వేరే చోట్లకు వెళ్లే ప్రయాణం) ఒకటి. స్కూలు విమానాల్లో సగం హ్యాంగర్‌లో విడిభాగాల కోసం ఎదురుచూస్తూ, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ రాజీనామా చేసి, చలికాలం పొగమంచు, ఆపై వానలు కమ్మితే ఆ కుర్రాడేం చేస్తాడు? హాస్టల్లో కూర్చుంటాడు. ఆ ఖాళీ అతని బయోడేటాలో పడుతుంది. స్కూలు ఫైల్లో ఎక్కడా పడదు. ఈ తొందరలోనే కొన్నిచోట్ల పార్కర్ పెన్ గంటలు పుట్టుకొస్తాయి. విమానం కదలకుండా లాగ్‌బుక్‌లో రాసుకునే గంటలకు మా వాళ్లు పెట్టుకున్న పేరది. సిమ్యులేటర్ ఆ గంటల్ని పది నిమిషాల్లో బయటపెడుతుంది, అప్పటికి కుటుంబం డబ్బంతా ఖర్చయిపోయి ఉంటుంది.

మీ హయాంలో మంచి అడుగులు పడలేదని కాదు. పైలట్లు రేడియోలో మాట్లాడే అర్హత కోసం రాసే రేడియో టెలిఫోనీ పరీక్షను టెలికాం శాఖ నుంచి డీజీసీఏ కిందికి తెచ్చిన 2024 చట్టం ఎంతో ఊరట. 2025 అక్టోబరులో ఫ్లయింగ్ స్కూళ్లకు తొలిసారి ర్యాంకులు ఇచ్చారు. పై రెండు శ్రేణుల్లో (ఏ++, ఏ+) ఒక్క స్కూలు కూడా లేదన్న సంగతి దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. కానీ ఏ, బీ అనే అక్షరం చూసి ఒక తండ్రి అప్పు చేయాలా వద్దా అన్నది తేల్చుకోలేడు. స్కూల్లో చేరినవాళ్లలో ఎంతమంది లైసెన్సు దాకా వచ్చారు, ఎంతమంది మధ్యలో మానేశారు, నెలకు ఎన్ని విమానాలు నిజంగా ఎగిరాయి, ఎంతమంది ఎయిర్‌లైన్‌లో చేరారు అన్నవి స్కూలువారీగా వెబ్‌సైట్‌లో కనిపించాలి. విదేశాల్లో నేర్చుకుని వచ్చినవాళ్లకు లైసెన్సు మార్పిడిలో ప్రతి దశకూ గడువు పెట్టి, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో దరఖాస్తుదారుకు తెలిసేలా చేయండి. విద్యార్థి లాగ్‌బుక్‌ను విమానం ఎగిరిన గంటలు నమోదయ్యే టెక్ లాగ్‌తో, టవర్ రికార్డుతో సరిపోల్చే పని అప్పుడప్పుడూ జరిగే తనిఖీలకు వదిలేయకండి.

ఇవన్నీ ఒకేసారి కుదరవంటే, వచ్చే ర్యాంకుల జాబితాలో ఒక్క గడి చేర్చించండి: చేరిన రోజు నుంచి సీపీఎల్ చేతికి రావడానికి ఆ స్కూల్లో సగటున పట్టిన నెలలు. వాతావరణం బాగోలేదనీ, విద్యార్థులు సరిగా చదవలేదనీ స్కూళ్లు అభ్యంతరం చెబుతాయి. ఆ అభ్యంతరాలనూ ఆ అంకె పక్కనే ప్రచురించండి.

ఇట్లు,
గ్రౌండ్ క్లాసులు చెప్పే ఒక ఇన్‌స్ట్రక్టర్