ఎనిమిది ఒకట్లకు పిల్లల పేజీలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడ రైస్‌మిల్లులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా బస్తాల లెక్కలు రాసినవాణ్ణి. మీ ఆదివారం పిల్లల పేజీ గురించి ఒక మాట చెప్పాలని రాస్తున్నా.

మొన్న సెలవుల్లో ఏడో తరగతి చదివే మా మనవడు నా పాత క్యాలిక్యులేటర్ తెర నిండా ఒకట్లు కొట్టాడు. ఎనిమిది పట్టాయి. 1,11,11,111. "తాతా, ఇది దేనితో పోతది?" అన్నాడు. రెండుతో, మూడుతో, ఐదుతో, ఏడుతో వేసి చూశాడట, పోలేదు. బడిలో అడిగితే "పరీక్షలో రాదు, వదిలెయ్" అన్నారట. ఆ మాటకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లారి ఒక తక్‌పట్టీ (ధాన్యం లెక్క రాసిచ్చే చీటీ) వెనక ఎనిమిది ఒకట్లు రాయించి, కుడివైపు నాలుగింటిని బొటనవేలితో మూయమన్నా. ఇటు 1111, వేలి కింద 1111. అంటే 1111ని 10,001తో గుణిస్తే ఈ సంఖ్య వస్తుంది. 1111 సులువే, 11 × 101. చిక్కంతా 10,001 దగ్గరే. దాని వర్గమూలం 100 మీద పిసరంత ఎక్కువ, కాబట్టి వంద లోపు ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. 13 పోలేదు, 17 పోలేదు, అలా 71 దాకా ఒక్కటీ పోలేదు. వాడి ముఖం వాడిపోయింది. 73 వేశాడు. శేషం సున్నా! 73 × 137. వాడి కేకకు ఇంట్లోవాళ్లంతా వాకిట్లోకొచ్చారు.

దీంతో ఇంకో సంగతీ తేలింది. ఏ నాలుగంకెల సంఖ్యనైనా పక్కపక్కన రెండుసార్లు రాస్తే అది 73తోనూ, 137తోనూ పోవాల్సిందే. మా పొలాలకు ఎడమ కాల్వ నీళ్లిచ్చే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955లో జరిగింది. 1,95,51,955ని 73తో భాగించి చూడండి, సరిగ్గా 2,67,835 వస్తుంది.

1,52,207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వస్తాయని తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం'లో చూపాడు. ఇలాంటి లబ్ధాలను మెడలో హారాలతో పోల్చాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మీ పిల్లల పేజీలో మాత్రం చుక్కలు కలపడం, తేడాలు కనుక్కోవడమే ఉంటోంది.

వారానికో సంఖ్య వేయండి, చిన్న బాక్సు చాలు. జవాబు అదే రోజు ఇవ్వకండి, పిల్లలు వారమంతా దాంతో కుస్తీ పట్టాలి.

మొదటి వారానికి మావాడిదే ఒకటి పంపుతున్నా. పదహారు ఒకట్లను ఇలాగే సగానికి విడగొడితే 10,00,00,001 తగులుతుంది. అది 17తో పోయి 58,82,353 వస్తుంది. దీన్ని 588 అని, 2353 అని రెండు ముక్కలు చేసి, ఒక్కోదాని వర్గం కట్టి, రెండూ కూడమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా