పాడి రైతులు, జీవాల పెంపకందార్ల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. అందులో పేచీ ఏమీ లేదు కాబట్టి ఇక్కడ చదవను. ఏడాది పొడుగునా మన సమావేశాల్లో నలిగిన విషయం ఒకటే. వేరుశనగ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి), సోయా పిండి చాలినంత అందనప్పుడు వేప, కానుగ, ఆముదం, కుసుమ, వెర్రినువ్వుల చెక్కల్లో ఏది దాణాలో కలపొచ్చు, దేన్ని దొడ్డి గుమ్మం దాటనివ్వకూడదు?

మొదట్లో అందరం అంకెల వెంట పడ్డాం. సోయా పిండిలో మాంసకృత్తులు 44 నుంచి 48 శాతం. పొట్టు తీసిన వేపపప్పు చెక్కలో 35 శాతం దాకా ఉంటాయి. నూనె తీసిన జట్రోఫా (అడవి ఆముదం) పప్పులో అయితే 55 పైమాటే. ఆ లెక్కన జట్రోఫాకే పట్టం కట్టాలి! అందులో కర్సిన్ అనే విషం ఉడికిస్తే పోతుంది గానీ, ఫోర్బాల్ ఎస్టర్లు అనే మరో రకం విషాలు ఎంత ఉడికించినా పోవు. మొదటి సమావేశంలోనే దాన్ని కొట్టేశాం.

తలనొప్పి లేనిది వెర్రినువ్వుల చెక్క. మాంసకృత్తులు 30 శాతం పైన ఉంటాయి, విషం భయం లేదు, పశువు ముఖం తిప్పుకోదు. కుసుమ చెక్క కొనేవాళ్లు మాత్రం పొట్టు తీశారో లేదో అడగాలి. తీయనిదైతే 20 శాతం దగ్గరే ఆగుతుంది, మిగతాదంతా పీచు. తీసినదైతే 40 దాటుతుంది. అవిసె గింజలను గోరువెచ్చని నీళ్లలో నానేసి పెట్టే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి మానండి. అలా నానితేనే సయనైడ్ విడుదలవుతుంది. పెడితే బాగా మరిగించిన నీళ్లలో ఉడికించి పెట్టాలి.

వేప దగ్గర చాలా కాలం ఆగాం. విడిగా తొట్టిలో వేసిన రోజున గేదె మూతి పెట్టి, ఒకసారి గట్టిగా ఊది, వెనక్కి తగ్గింది. సాయంత్రానికీ అదే తీరు. చేదంతా వేపలో ఉండే లిమోనాయిడ్లు అనే పదార్థాలది. వంద కిలోల చెక్కకు రెండున్నర కిలోల యూరియా నీళ్లలో కరిగించి, తడి సమంగా పట్టేలా కలిపి, గాలి చొరకుండా ఐదారు రోజులు మూసి ఉంచాం. తెరిచినప్పుడు కళ్లు మండేంత ఘాటు. ఎండలో పరిచి ఆ ఘాటు పోయాకే దాణాలో చిటికెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాం. అదే గేదె తొట్టి అడుగు నాకింది. ఇది నెమరువేసే పశువుల సంగతి. కోళ్లవాళ్లు దీన్ని చూసి యూరియా జోలికి వెళ్లొద్దు.

ఇక్కడే ఒక కిటుకు బయటపడింది. శుద్ధి చేసిన చెక్కను పరీక్షకు ఇస్తే మాంసకృత్తులు పెరిగాయని వస్తుంది. పెరిగింది మాంసకృత్తులు కాదు. పరీక్షలో నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంది కాబట్టి, ఒక కిలో యూరియా కాగితం మీద దాదాపు 3 కిలోల మాంసకృత్తులుగా కనిపిస్తుంది. మనం చెప్పి కలిపాం. చెప్పకుండా కలిపి అమ్మేవాళ్లకూ ఈ లెక్క తెలుసు. అందుకే ఇకపై సంఘం తరఫున కొనే సరుకుకు యూరియా పరీక్ష కూడా చేయిస్తున్నాం.

కానుగలో కరంజిన్ అనే హానికర పదార్థం నూనెతోపాటే పోతుంది. కాబట్టి గానుగ చెక్క కన్నా నూనెను కరిగించే సాల్వెంట్‌తో నూనె పూర్తిగా లాగిన చెక్క మేలు. అయినా తక్కువ పాళ్లలోనే వాడాలి.

ఇక ఆముదం. ఒక మిల్లు నుంచి తెచ్చిన వేరే చెక్క తిన్న రెండు పశువులు నెమరు మానేసి, నీళ్లలా పారుకున్నాయి. వైద్యుడు సమయానికి రావడం వల్ల రెండూ దక్కాయి. గుప్పెడు చెక్క నానబెట్టి గుడ్డలో పిండి చూస్తే నున్నటి, మచ్చల మచ్చల పెంకు ముక్కలు కనిపించాయి. అంతకు ముందు అదే యంత్రంలో ఆముదం ఆడించారట, శుభ్రం చేయలేదు. మిల్లువాళ్లను నిందించడం తేలికే గానీ, గోతాం విప్పి చూడకుండా తొట్టిలో పోసింది మనమే. ఆముదంలోని విషం రిసిన్‌ను సున్నంతోనో ఆవిరి మీద ఉడికించో తగ్గించొచ్చు. కానీ మన దొడ్లలో ఆ పని ప్రతిసారీ సరిగ్గా జరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అందుకే ఆముదం చెక్క దాణాలో వద్దని తీర్మానించాం. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు, వారి అభ్యంతరం మినిట్స్‌లో ఉంది.

నిల్వ గురించి ఒక్క మాట. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం బూజు పట్టిన వేరుశనగ పిండి అని తేలింది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం సంగతి లోకానికి తెలిసింది అప్పుడే. ఆ విషం ఆవు తింటే పాలలోకీ వస్తుంది. బస్తాలు బల్లల మీదే ఉంచండి, గోడకు ఆనించకండి.

శుద్ధి చేయని వేప చెక్క, వెనక్కి ఇవ్వలేకపోయిన, ఆముదం కలిసిన ఆ సరుకు కొన్ని బస్తాలు షెడ్డు మూలన ఉన్నాయి. ఎరువుగా కావలసినవాళ్లు పట్టుకెళ్లొచ్చు. ఆముదం కలిసిన సరుకు చల్లాక మట్టి కప్పండి, కుక్కలు తింటే ప్రాణం మీదికి వస్తుంది. గోతాలు మాత్రం దాణాకు వాడొద్దు.

ఇట్లు,
కార్యదర్శి